జంట ఫోటోల్లో ఏది అసలు ముఖం?

ప్రశ్న: నాకు ఫోటోగ్రఫీ అంటే ప్రాణం. ఉద్యోగం వేరే ఉంది, సెలవు రోజుల్లో పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. ఈ మధ్య గోత్ సంస్కృతిని, అంటే నల్లబట్టలు, దట్టమైన మేకప్, ఒక రకం రాక్ సంగీతం చుట్టూ అల్లుకున్న పద్ధతిని, ఇష్టపడే ఎనిమిది మంది పరిచయమయ్యారు. వాళ్లలో ఒకరు నర్సు, ఒకరు అకౌంటెంటు, ఒకరు స్కూల్ టీచర్. ఒక్కొక్కరివి రెండేసి ఫోటోలు, ఉద్యోగానికి వెళ్లే వేషంలో ఒకటి, గోత్‌గా ఒకటి తీసి పక్కపక్కన పెట్టాలని నా ఆలోచన. వీళ్ల అసలు ముఖాన్ని లోకానికి చూపించాలని కోరిక. మొదట నర్సును తీశాను. యూనిఫాంలో నవ్వుతూ ఒకటి, నల్ల గౌనులో సీరియస్‌గా ఒకటి. చూసిన స్నేహితుడు రెండోది ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా ఉందన్నాడు. నిజానికి నాకూ అలాగే అనిపించింది. నల్ల బట్టలు బూడిద రంగులోకి వచ్చాయి, తెల్ల మేకప్ వేసిన ముఖం వివరాలేవీ లేకుండా తెల్లగా కాలిపోయింది. పైగా టీచర్ గారు మొదట ఒప్పుకుని, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.
ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒక్క మాట దగ్గరే ఆగాను. 'అసలు ముఖం' అన్నారు. ఏది అసలుదో మీరు ఎప్పుడు నిర్ణయించుకున్నారు? ఆ నర్సు వచ్చి కెమెరా ముందు నిలబడకముందే కదా. మీరు చెప్పిన సమస్యల్లో సగం అక్కడి నుంచే వచ్చాయి.

యూనిఫాంలో ఉన్నప్పుడు ఆవిడను నవ్వమన్నది ఎవరు? నల్ల గౌను వేసుకున్నాక నవ్వొద్దన్నది ఎవరు? ఉత్తరంలో మీరు చెప్పలేదు కానీ, మీరే అడిగి ఉంటారని నాకు నమ్మకం. ఎందుకంటే నేనూ అదే చేశాను. చాలా ఏళ్ల కిందట ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఒక కుర్రాడిని ఇలాగే రెండు ఫోటోలు తీశాను. తెల్లకోటులో ఉన్నప్పుడు కొంచెం నవ్వమన్నాను. పొడుగాటి నల్లకోటు, వేళ్లనిండా ఉంగరాలతో వచ్చినప్పుడు చూపు దించమన్నాను, నవ్వొద్దన్నాను. చెప్పినట్టే చేశాడు, పాపం. ప్రింట్లు చూపించినప్పుడు మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: వారమంతా తను నవ్వని చోటు ఆ ల్యాబేనట. ఈ బట్టలు వేసుకుని తనలాంటి నలుగురిని కలిసినప్పుడే కడుపు నిండా నవ్వుతాడట. నేను అతని జీవితాన్ని తలకిందులు చేసి చూపించాను. ఆ ఫోటోలు చక్కగానే వచ్చాయి. అయినా ఎవరికీ చూపించకుండా పక్కన పెట్టేశాను.

అందుకని, ఇంకో ఫోటో తీసేముందు మీరు వదిలేయాల్సిన ఆలోచన ఇది: పగటి మనిషి ముసుగు, నల్లబట్టల మనిషి నిజం అనే ఆలోచన. దాన్ని తిరగేసినా అంతే తప్పు. కొందరికి నిజంగానే ఉద్యోగం ఒక వేషం. కొందరికి రెండూ సొంతమే. పిల్లల వార్డులో పసివాళ్లను ఎత్తుకునే నర్సు, రాత్రి బ్యాండ్ ముందు కళ్లు మూసుకుని ఊగే మనిషి ఒకరే, రెండుచోట్లా ఆమె పూర్తిగా ఉంటుంది. ఇంకొందరు అసలు ఇలా విడదీయడాన్నే ఒప్పుకోరు. ఆఫీసుకు కూడా నల్ల చొక్కా, నల్ల సూటు, చిన్న వెండి పిన్నుతో వెళ్లేవాళ్లున్నారు. కార్పొరేట్ గోత్ అని ఆ పద్ధతికి పేరు కూడా ఉంది. మీ ఎనిమిది మందిలో అలాంటివారు ఉంటే జంట ఫోటో కోసం వాళ్లను బలవంతంగా రెండుగా కోయకండి. ఒక్క ఫోటో తీయండి. వరుసలో ఏడు జంటల మధ్య ఒంటరిగా ఒక ఫోటో ఉంటే చూసేవాళ్లు దాని దగ్గర తప్పకుండా ఆగుతారు.

ఇప్పుడు ఫ్యాన్సీ డ్రెస్ మాట. మీ స్నేహితుడు అన్నది కటువుగా ఉన్నా, కొట్టిపారేయకండి. రోజూ వేసుకునే బట్టకూ, ఒకరోజు కోసం తెచ్చుకున్న బట్టకూ తేడా ఎక్కడ తెలుస్తుంది? వాడిన గుర్తుల్లో. బూటు ముందుభాగం అరిగి ఉంటుంది. లేసు చిరిగిన చోట చేత్తో కుట్టిన కుట్టు ఉంటుంది. తోలు జాకెట్ మోచేతి దగ్గర ముడతపడి ఆ మనిషి చేతి వంపు పట్టుకుని ఉంటుంది. మీరు దూరం నుంచి, గట్టి లైటు వేసి, ఖాళీ గోడ ముందు నిలబెట్టి తీస్తే ఇవేవీ కనపడవు. నల్ల గౌను, తెల్ల ముఖం అన్న రెండు గుర్తులే మిగులుతాయి. అప్పుడది వేషమే అనిపిస్తుంది.

ఈ వాడిన గుర్తుల వెనక ఒక చరిత్ర ఉంది, అది తెలిస్తే మీ కన్ను మారుతుంది. గోత్ 1970ల చివర ఇంగ్లండులో పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం వేడి కాస్త చల్లారాక దాని లోంచే పుట్టింది. నార్తాంప్టన్ నుంచి వచ్చిన బౌహౌస్ బ్యాండ్ మొదటి సింగిల్ 1979లో విడుదలైంది. సూక్సీ అండ్ ద బాన్‌షీస్, ద క్యూర్, లీడ్స్ నుంచి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, ఈ బ్యాండ్లన్నీ ఆ కాలానివే. 1982లో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు మొదలయ్యాక ఈ వేషానికి ఒక చిరునామా దొరికింది. అప్పట్లో ఈ బట్టలు తయారుగా అమ్మే కొట్లు పెద్దగా లేవు. చిరిగిన మేజోళ్లను చేతులకు తొడుక్కున్నారు, పాతబట్టల దుకాణాల్లో దొరికిన కోట్లకు నల్లరంగు అద్దుకున్నారు, జుట్టును చేత్తోనే పైకి దువ్వి నిలబెట్టుకున్నారు. సొంత చేత్తో చేసుకోవడం అనే గుణం పంక్ నుంచి గోత్‌కు వచ్చిన ఆస్తి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అన్నీ కొనుక్కోవచ్చు, అయినా ఈ దారిలో చాలాకాలం ఉన్నవాళ్ల దగ్గర చేత్తో చేసుకున్నది ఒక్కటైనా ఉంటుంది. అడగండి. అది ఎలా చేసుకున్నారో చెప్పమనండి. చెబుతూ చెబుతూ వాళ్ల చేతులు దాని మీదికి వెళ్తాయి. ఆ చేతుల్ని తీయండి.

ఇంకో లెక్క కూడా చూడండి. బ్యాట్‌కేవ్ తెరిచిన ఏడాదిలో 18 ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. మీ ఎనిమిది మందీ పాతికేళ్లవాళ్లే అయితే వీలైనంత త్వరగా వయసులో పెద్దవాళ్లను ఒకరిద్దరిని వెతకండి. ముడతలు పడిన కనురెప్ప మీద నలభై ఏళ్లుగా అలవాటైన చేత్తో గీసిన నల్లగీత ఎలా ఉంటుందో చూస్తే, ఇదేదో కుర్రతనపు సరదా అనుకునేవాళ్లు ఇక ఆ మాట అనలేరు.

మీరు వాళ్లను పూర్తిగా తయారయ్యాక కాకుండా, తయారవుతుండగా కలవండి. పూర్తిస్థాయి మేకప్, జుట్టు, బట్టలు అంటే గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ వాళ్లింట్లో అద్దం పక్కన కూర్చోండి. మొదటి అరగంట కెమెరా బయటికి తీయొద్దు. వాళ్లకిష్టమైన పాటలు వాళ్లనే పెట్టుకోమనండి. అద్దంలోకి చూస్తూ ఐలైనర్ గీసుకునే మనిషి కెమెరాను మరిచిపోతుంది. ఒక కన్నుకు గీత పూర్తయి, రెండో కన్ను ఇంకా ఉత్తిగా ఉన్న క్షణం ఒకటి వస్తుంది. మీ జంట ఫోటోల పథకంలో లేనిది అదే. నాకైతే మొత్తం పనిలో అదే ప్రాణం అనిపిస్తుంది. జంటగా కాకుండా మూడేసి ఫోటోలుగా పెట్టండని నా సలహా: పనికి వెళ్లే మనిషి, అద్దం ముందు మనిషి, నల్లబట్టల మనిషి. మధ్యలో ఆ ఫోటో ఉంటే మిగతా రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు. ఒకవేళ ప్రదర్శనకు జంటలే కావాలనుకున్నా, ఆ రెండు గంటలు మాత్రం వదులుకోకండి. అక్కడ విన్న కబుర్లు మిగతా రెండు ఫోటోల్లోకి వస్తాయి.

అడిగే ప్రశ్నలు కూడా జాగ్రత్తగా ఎంచుకోండి. "ఎందుకిలా మారారు?" అని అడిగితే వందసార్లు చెప్పి అరిగిపోయిన జవాబే వస్తుంది, అందులో కొంచెం నొప్పి కూడా ఉంటుంది. మామూలుగా ఉండటమే సరైనదన్నట్టు, తాము అందులోంచి జారిపడ్డట్టు వినిపిస్తుంది వాళ్లకు. దానికి బదులు, ఇంటికొచ్చాక ముందు ఏది తీసేస్తారని అడగండి. ఏ రోజున అసలు తయారవ్వాలనిపించదని అడగండి. మీరు ఇలా ఉండగా మొదట చూసిన మనిషి ఎవరని అడగండి. జవాబు రాసిపెట్టుకోండి.

ఇంతకీ మీ జంట ఫోటోలో బలహీనమైనది గోత్ ఫోటో అని మీరు అనుకుంటున్నారు. నాకైతే యూనిఫాం ఫోటోయే బలహీనం అనిపించింది. అది మీరు బద్ధకంగా తీశారు. కోపం తెచ్చుకోకండి, దాదాపు అందరూ ఇదే చేస్తారు. మామూలు బట్టలు ఖాళీ కాగితమని, నల్లబట్టలు మాత్రమే రాత అని అనుకుంటారు. ఇస్త్రీ యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, వెనక్కి లాగి కట్టిన జుట్టు, ఇవి కూడా ఒక సమాజం తన మనుషులకు వేసే వేషమే. దానికీ నియమాలున్నాయి. గోత్ కంటే గట్టి నియమాలు. చాలా ఆసుపత్రుల్లో నర్సులు వార్డులో ఉన్నంతసేపు గోళ్లరంగు వేసుకోకూడదు, రాళ్ల ఉంగరాలు పెట్టుకోకూడదు. అంటే మీ నర్సు ప్రతి డ్యూటీకి ముందు నల్లరంగు తుడుచుకుని, వేళ్ల నుంచి ఉంగరాలు ఒక్కొక్కటీ తీసి పెట్టి వెళ్తుండాలి. ఉంగరం ఉండే చోట చర్మం మీద లేతరంగు చార ఉందేమో చూశారా? కంటి మూలలో నిన్నటి ఐలైనర్ మరక, చెవి అంచున ఖాళీగా ఉన్న రంధ్రాలు, యూనిఫాం బూట్ల లోపల గబ్బిలాల బొమ్మల సాక్సులు, ఇలాంటివి వెతకండి. ఒకటి దొరికినా చాలు. రెండో ఫోటోలో అదే చోట ఏముందో చూసేవాళ్ల కన్ను తనంతట తనే వెతుక్కుంటుంది. మీరు వివరణ రాయక్కర్లేదు.

సరే, కెమెరా సంగతి. నల్లబట్టలు బూడిదగా రావడం, ముఖం కాలిపోవడం రెండూ ఒకే కారణం వల్ల జరిగాయి. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు లోకమంతా మధ్యస్థమైన బూడిద రంగులో, సుమారు 18 శాతం వెలుతురును తిప్పికొట్టేదిగా ఉంటుందని అనుకుంటుంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం నలుపే ఉంటే, వెలుతురు తక్కువైందని భ్రమపడి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుతురు, పెంచేస్తుంది. నలుపు బూడిదైపోతుంది, అప్పటికే తెల్లగా ఉన్న ముఖం హద్దు దాటిపోతుంది. ఆటోమేటిక్‌లో ఉంచక తప్పదనుకుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మైనస్ 2 దాకా తగ్గించి చూడండి. కానీ ఈ పనికి మాన్యువల్ మోడే సరైనది. ముఖం మీద స్పాట్ మీటరింగ్ చేయండి, అంటే ఆ ఒక్క చోటి వెలుతురునే కొలవండి. తెల్ల మేకప్ ఉన్న ముఖం మధ్యస్థ బూడిద కంటే స్టాప్ నుంచి స్టాపున్నర (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ ప్రకాశంగా ఉంటే సహజంగా కనిపిస్తుంది. కాలిపోయిన చోట్లను తెర మీద చూపించే హైలైట్ హెచ్చరిక పెట్టుకోండి, నుదుటి మీదో ముక్కు మీదో మిణుకుమంటే కొంచెం తగ్గించండి. ఫైళ్లు తప్పకుండా రా (RAW) ఫార్మాట్‌లో తీయండి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుంటుంది.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. రెండు ఫోటోలకూ లైటు ఒకటే ఉండాలి. మీరు యూనిఫాం ఫోటోకు కిటికీ వెలుతురు, గోత్ ఫోటోకు పక్క నుంచి గట్టి లైటు వాడి ఉంటారు. అలా చేస్తే రెండు ఫోటోల మధ్య తేడా మనిషి నుంచి కాకుండా మీ లైటు నుంచి వస్తుంది. వెలుతురును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ ఒకటి, రెండో పక్క తెల్ల థర్మోకోల్ షీటు, వెనక మధ్యస్థ బూడిద రంగు గోడ లేదా గుడ్డ, ఇవి చాలు. వెనక నలుపు పెడితే నల్లబట్టలు అందులో కలిసిపోయి తల ఒక్కటే గాల్లో తేలుతుంది. తెలుపు పెడితే బట్టలు కత్తిరించి అతికించినట్టుంటాయి. బూడిద రంగు ఇద్దరికీ న్యాయం చేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 85 ఎంఎం లెన్సు, రెండు మీటర్ల దూరం, నేల మీద టేపు గుర్తు. లెన్సు రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టండి, కళ్ల నుంచి చెవుల దాకా స్పష్టంగా ఉంటుంది. ముందు తెల్ల ముఖానికి సరిపడేలా ఎక్స్‌పోజర్ కట్టి, అవే అంకెలతో రెండో ఫోటో కూడా తీయండి. మేకప్ లేని ముఖం కొంచెం చీకటిగా అనిపిస్తే తర్వాత కంప్యూటర్‌లో కాస్త ఎత్తుకోవచ్చు. కాలిపోయిన తెలుపును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

నలుపుల్లోనూ జాతులున్నాయి. ముఖమల్ వెలుతురును మింగేస్తుంది. దానికి లైటు బాగా పక్కకు జరపాలి, అప్పుడే దాని నూగు కనపడుతుంది. తోలు, మెరిసే పీవీసీ ప్లాస్టిక్ బట్ట అద్దంలాంటివి, లైటు ఆకారాన్నే తిరిగి చూపిస్తాయి. అందుకని వాటికి పెద్ద లైటు కావాలి, భుజం మీద పొడుగాటి మెరుపుగీత పడేలా జరుపుకోవాలి. లేసు వెనక చర్మమో వెలుతురో ఉంటేనే లేసు. భుజాల వెనక నుంచి చిన్న లైటు ఒకటి వేస్తే జుట్టు అంచు విడిపడుతుంది. ఇంకో చిక్కు ఫ్లాష్ విషయంలో వస్తుంది. సిలికా ఉన్న పౌడర్లు, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు నేరుగా కొట్టే ఫ్లాష్‌కు తెల్లటి మచ్చలుగా బయటపడతాయి. కంటికి కనపడవు, ఫోటోలో కనపడతాయి. ఫ్లాష్‌ను గోడ మీదికో పైకప్పు మీదికో తిప్పండి.

నిలువెత్తు ఫోటోలు కూడా తీస్తే కెమెరా ఎత్తు మార్చకండి. ప్లాట్‌ఫాం బూట్లు వేసుకున్న మనిషి మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. తల ఫ్రేమ్‌లో ఆ మేరకు పైకి వెళ్తుంది. వెళ్లనివ్వండి. ఆ అంగుళాలు ఆమె తనకు తాను ఇచ్చుకున్నవి, ట్రైపాడ్ ఎత్తి మీరు వాటిని లాక్కోవద్దు.

గోత్ అంటే తెల్ల ముఖమే అని మాత్రం అనుకోకండి. ముఖానికి తెలుపు వేసుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. గోధుమ, నలుపు చర్మం ఉన్న గోత్‌లు చాలామంది తమ చర్మం మీదే నల్ల పెదవులు, వెండి మెరుపు, దట్టమైన కళ్లు దిద్దుకుంటారు. వాళ్లను తెలుపు వేసుకోమని అడగొద్దు, ఎడిటింగ్‌లో చర్మం తేల్చొద్దు. నలుపు తెలుపు ఫోటోలుగా మార్చేముందు కూడా ఒకసారి ఆలోచించండి. గోత్ అనగానే అందరి చేయీ అటే పోతుంది. కానీ ముదురు ఊదా, వైన్ ఎరుపు, సీసా ఆకుపచ్చ రంగుల మీద వీళ్లు ఎంత శ్రద్ధ పెడతారో మీకు తెలిసే ఉంటుంది. అవన్నీ ఒకే బూడిదైపోతాయి. శ్మశానాలు కూడా వద్దు. అక్కడ పడుకున్నవాళ్లకు ఇంకా వచ్చి పూలు పెట్టేవాళ్లుంటారు.

పని మొదలుపెట్టేముందు ఆగస్ట్ సాండర్ ఫోటోలు తప్పకుండా చూడండి. జర్మన్ ఫోటోగ్రాఫరు. ఇరవయ్యో శతాబ్దపు మనుషులందరినీ వృత్తుల వారీగా తీయాలని జీవితమంతా పూనుకున్నాడు. 1928లో తీసిన మిఠాయి వంటవాడి ఫోటో ఒకటుంది. గిన్నె, గరిట చేతపట్టుకుని, తెల్లకోటులో, ఆ వంటింటికి రాజులా నిలబడి మన కళ్లలోకి చూస్తాడు. సాండర్ ఎవరినీ వింతగా చూడలేదు. బ్యాంకరునూ, రైతునూ, సర్కస్ మనుషుల్నీ ఒకే దూరం, ఒకే మర్యాదతో నిలబెట్టాడు. 1936లో నాజీలు అతని పుస్తకం ముద్రణ ప్లేట్లను నాశనం చేశారు. మనుషులు అలా రకరకాలుగా, తలెత్తుకుని ఉండటం వాళ్లకు నచ్చలేదు. సాండర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ సమానదృష్టి. అతని దగ్గర తీసుకోకూడనిది కూడా ఒకటుంది. మిఠాయి వంటవాడు, రైతు, బ్యాంకరు అని రకాలుగా పేర్చడంలో వాళ్ల పేర్లు చాలావరకు మాయమయ్యాయి. మీరు 'పగలు నర్సు, రాత్రి గోత్' అని రాస్తే రెండు డబ్బాలు తయారవుతాయి, మనిషి ఆ రెంటి మధ్యలో జారిపోతుంది. ఆమె కోరుకున్న పేరు రాయండి. కింద ఆమె సొంత చేతిరాతతో ఒక వాక్యం. ఏం రాస్తుందో ఆమె ఇష్టం.

ఎడమ, కుడి సంగతి కూడా ఆమెకే వదిలేయండి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ఎడమ పక్కది ముందు, కుడి పక్కది తర్వాత అనిపిస్తుంది. బరువు తగ్గించే ప్రకటనల్లో ఇలాంటి జంట ఫోటోలే చూసి చూసి మన కళ్లు అలా అలవాటుపడ్డాయి. ప్రతి జంటలోనూ యూనిఫాం ఎడమవైపే ఉంటే అందరూ ఒకే కథ చదువుతారు. ఏది ఎటు ఉండాలో ఒక్కొక్కరినీ అడిగితే వరుస తనంతట తనే కలగలుస్తుంది.

ఇక టీచర్ గారు. మీరు ఈ విషయాన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతటిలో అదే పెద్దది.

ఆవిడ భయాన్ని చిన్నచూపు చూడకండి. 2007 ఆగస్టులో ఇంగ్లండులోని బేకప్ అనే ఊళ్లో సోఫీ లాంకాస్టర్ అనే 20 ఏళ్ల అమ్మాయిని, ఆమె స్నేహితుణ్ని పార్కులో కొందరు కుర్రాళ్లు చావబాదారు. వాళ్లు గోత్ వేషంలో ఉండటం తప్ప వేరే కారణం లేదు. అతను బతికాడు. సోఫీ కొన్నాళ్లకు ఆసుపత్రిలో చనిపోయింది. ఆ తర్వాత 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి ఉపసంస్కృతుల వాళ్ల మీద దాడులను కూడా ద్వేషనేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు. మీ టీచర్ గారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అంత దూరం వెళ్లకపోయినా, పిల్లల తల్లిదండ్రుల మాటలు, ప్రిన్సిపాల్ చూపులు, వీటిని రోజూ ఎదుర్కోవాల్సింది ఆవిడే. మీరు కాదు.

మీరు ఆమెకు ఇలా సర్దిచెప్పబోయి ఉండవచ్చు: ఆవిడ గోత్ ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎప్పుడో ఉన్నాయి కదా, కొత్తగా పోయేదేముందని. ఇక్కడే అసలు కిటుకుంది. ఆ ఫోటోల్లో ఆవిడ ఎవరో చాలామందికి తెలియదు. స్కూల్లో ఆవిడను చూసేవాళ్లకు ఈ ఫోటోల సంగతి తెలియదు. రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టి ఇద్దరూ ఒకరే అని చెప్పేది మీ జంట ఫోటో ఒక్కటే. ఆ రెంటినీ కలపడంలోనే ప్రమాదం ఉంది. పేరు రాయకపోయినా లాభం లేదు, ముఖాన్ని బట్టి వెతికే సాధనాలు ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆవిడ జాగ్రత్తగా విడివిడిగా పెట్టుకున్నదాన్ని మీరు ఒక్క క్లిక్‌తో కుట్టేస్తానంటున్నారు. భయపడటంలో వింతేముంది?

కాబట్టి ఫోన్ చేయడం ఆపండి. ఒక చిన్న మెసేజ్ పంపండి. వద్దనుకుంటే ఏ వివరణా అక్కర్లేదని, తీసినవి ఏవైనా ఉంటే తుడిచేస్తానని ముందే చెప్పండి. తర్వాత ఎప్పుడైనా ఆవిడే మాట కలిపితే దారులున్నాయి. ముఖం లేకుండా చేతులు మాత్రమే తీయవచ్చు: సుద్దముక్క పట్టుకున్న చేయి, ఉంగరాలున్న అదే చేయి. వెనక నుంచి తీయవచ్చు. ఇంటర్నెట్‌లో పెట్టకుండా ఒక్క ప్రింటు తీసి ప్రదర్శనలో మాత్రమే ఉంచవచ్చు, అక్కడ ఫోన్లతో ఫోటోలు తీయనివ్వకుండా చూసుకునే పనైతే. ఏదీ వద్దంటే అదీ జవాబే.

మిగతా ఏడుగురితోనూ కాగితం మీద రాసుకోండి. ఏ ఫోటో, ఎక్కడెక్కడ, ఎంతకాలం, అన్నీ స్పష్టంగా ఉండాలి. ఇంటర్నెట్‌కు ఒక సంతకం, ప్రదర్శనకు వేరే సంతకం. ఫలానా తేదీ దాకా మనసు మార్చుకోవచ్చన్న మాట తప్పకుండా ఉండాలి. ఆ తేదీకి ముందు రోజు మీరే గుర్తు చేయాలి, వాళ్లు మరిచిపోతే బాగుండునని అనుకోకూడదు. ఐడీ కార్డు మీద సంస్థ పేరు, యూనిఫాం మీద లోగో కనపడకుండా చూసుకోండి. ఫైల్లో ఉండే లొకేషన్ వివరాలు తీసేయండి. ప్రింట్లు ముందు వాళ్లకు చూపించండి, లోకానికి ఆ తర్వాత.

నర్సుకు ఈ వారమే ఫోన్ చేయండి. మొదటి ఫోటోలు మీ వల్ల సరిగ్గా రాలేదని, మళ్లీ తీయాలని ఉందని చెప్పండి. ఆవిడ డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు వెళ్లండి. కెమెరా సంచీలోనే ఉండనివ్వండి. ఉంగరాలు మళ్లీ వేళ్లకు తొడుక్కునేటప్పుడు ఏ వేలితో మొదలుపెడుతుందో చూడండి.